ఒక బెజ్జం

రాకెట్టు లేచే రోజు.
చెరువులోకి దిగకూడదని
నిన్న పొద్దుగూకే ముందే మైకులో చెప్పిపోయినారు.
అందుకే భీమునివారిపాళెం రేవులో
వజ్రవేలు పడవ ఇవాళ నాకు చిక్కింది,
నాలుగు పాత టైర్ల మీద, ముక్కు పైకెత్తుకొని.

చూస్తే ఏ రోగమూ లేదు.
పోయినేడు కొట్టిన నీలం రంగు,
దానిమీద తెల్లగా నంబరు.
"ఇంజను తగిలిస్తే వెనకపలక ఊగతా ఉండాదన్నా" అంటాడు.
పలక ఊగితే జబ్బు పలకది మాత్రమే కాదు.

సుత్తి తిరగేసి, పిడితో తట్టుకుంటా పోయినా.
ముక్కు నుంచి నడిమి దాకా
టక్, టక్, టక్.
బతికున్న కొయ్య పిలవంగానే పలుకుతుంది.
రెండో అడ్డబల్ల దాటినాక
డబ్.
మళ్ళీ తట్టినా.
డబ్.
నిద్రలో ఉన్నోళ్ళు ఊఁ కొట్టినట్టు.

సుద్దముక్కతో చావు పొలిమేర గీసుకుంటా పోతే
గీత ఎంతకీ ఆగలా.
వెనకపలక దాకా పోయి, పక్కకి తిరిగి,
అవతలి దూలం మీద కూడా మూరెడు నడిచింది.

ఏలుమలై ఒంటికి కొబ్బరినూనె పూసి
పౌడరు డబ్బా సగం వొంపుకొని
గ్రైండరు పట్టినాడు.
ఏం పూసుకున్నా రాత్రంతా గోక్కుంటానే ఉంటాడు, అది వేరే సంగతి.
కోసిన ఫైబరు తోలు మూతలా ఎత్తితే
లోపల కొయ్య లేదు.
తడిసిన పొగాకు ఉంది.
ఉలితో పని పడలేదు.
దేశమ్మ ఇంట్లోంచి కూరగరిటె తెచ్చింది,
"మళ్ళీ తిరిగియ్యబాకు, నాకొద్దు" అంటా.
తోడినాం, ఒకటిన్నర బక్కెట్టు.
ఉప్పు వాసన కాదు, చేప వాసన కాదు,
మూసిపెట్టిన గది తలుపు తీస్తే వచ్చేది.

"ఉప్పునీళ్ళు తినేసినాయి" అన్నాడు వజ్రవేలు.
కాదు.
ఉప్పైతే కొయ్యను ఊరగాయలా కాపాడతాది.
తినింది వాననీళ్ళు,
ఏడాదికి నాలుగు గుక్కలు,
లోపలికి దారి తెలిసి, బయటికి తెలియక.

దారి ఎక్కడుందో చూస్తానని
ఏలుమలై టార్చి తీసుకొని పడవంతా పాకినాడు.
నేను వెతకలా.

తొమ్మిదేళ్ళ నాడు, పడవ కొత్తలో,
రాత్రివేటకు దీపం కావాలంటే
లైటు కడ్డీ బిగించింది నేను.
బెజ్జం వేసినా, బోల్టు తిప్పినా.
దాని గొంతులో చుక్క రెసిన్ పొయ్యాల.
ఆపొద్దు డబ్బా ఖాళీ.
రేపొచ్చి పోస్తానన్నా.
రేపు సూళ్ళూరుపేటలో పని పడింది.
ఆ తర్వాతి రేపు గుర్తులేదు.

చిటికెన వేలు పెట్టి చూసినా.
ఇంకా తడి.

ఎండ ఆ గుంతను రెండు గంటలు నాకింది.
గుమ్మిడిపూండి నుంచి బస్సు టాపు మీదొచ్చిన కొత్తకొయ్య
కొలతకు కోసి, అన్ని పక్కలా రెసిన్ తాపి,
పడుకోబెట్టే వేళకి
దక్షిణాన ఉరుము మొదలైంది.
రేవంతా ఇసకలోకి పరిగెత్తింది.
ఏలుమలై, చేతిలో బ్రష్షుతోనే.
నా చేతిలో మగ్గు,
గట్టిమందు కలిపి పది నిమిషాలు,
జరం తగిలిన పిల్లోడి నుదురులా వేడెక్కతా ఉంది.
తలెత్తితే గడ్డకట్టేస్తాది.
దూలం వణికింది. అరచేత్తో అదిమి పట్టినా.
ఆకాశంలో ఏం పోయిందో వాళ్ళు చెప్పుకుంటా తిరిగొచ్చినారు.

"కొయ్య డబ్బులు నాకొద్దు" అన్నా.
"ఎందుకన్నా?"
చెప్పినా. బెజ్జం, ఖాళీ డబ్బా, రేపు.
వజ్రవేలు బోల్టు చేతిలో పెట్టుకొని
అటూ ఇటూ తిప్పతా ఉండిపోయినాడు.
దేశమ్మే అనింది,
"అట్టయితే గరిటె డబ్బులు గూడా నువ్వే ఇయ్యి."

పాత బెజ్జాన్ని పెద్దది చేసి
నిండా రెసిన్ పోసినా.
అది రాయయినాక, దాని నడిమిలో
మళ్ళీ సన్నంగా తొలవాల.
"రేపొచ్చి తొలస్తా" అన్నా.

ముగ్గురూ నా మొహం చూసినారు.

చాప ఒకటి ఇయ్యమన్నా,
పడవ పక్కనే పడుకుంటానని.