చేబదులు

తలుపు వెనక మేకుకి వేలాడేది ఆ సంచి.
ఒకప్పుడు నా బడిసంచే. జిప్పు పాడైతే
అమ్మ వల అల్లే దారంతో రెండు ఉచ్చులు కుట్టింది.
తాల్కవానోలో పిల్లలకి ఎక్కాల కంటే ముందొచ్చే లెక్క:
మొదట భూమి ఊగుతుంది, వెనకే సముద్రం లేస్తుంది,
ఆ రెంటి మధ్యా నువ్వు కొండెక్కాలి.

మునిసిపాలిటీ వాళ్లు పంచిన కాగితంలో
ఇరవై రెండు వస్తువులున్నాయి.
అమ్మ దాన్ని దోన్ ఎలెయుతేరియో కొట్టు బల్ల మీద పరిచి
ఒక్కోదాని ధర అడిగి పక్కనే పెన్సిలుతో వేసుకుంది.
మొత్తం చూసి నవ్వింది.
"ఇంత డబ్బే ఉంటే
కొండ మీదే ఇల్లు కట్టుకుందును కదయ్యా!"

ఆ తర్వాత వారానికొకటి.
చేపల ఫ్యాక్టరీ నుంచి శనివారం నడిచొచ్చేది,
మిగిలిన బస్సు చార్జీతో ఓ వారం కొవ్వొత్తి,
ఓ వారం అగ్గిపెట్టె, ఓ వారం ఏమీ లేదు.
టార్చిలోకి బ్యాటరీలు ఏప్రిల్లో కొంది. టార్చి జూలైలో.
నీళ్లకి ఖర్చు లేదు, సోడా సీసాలు కడిగి పట్టి
వాటి నడుముల మీద తారీఖులు రాసేది.
పుట్టిన కాగితాలు బ్రెడ్డు కవర్లో చుట్టి
మూతి మీద మైనం కార్చింది.
తమ్ముడు నివాల్దో ఆయాసం మందు మాత్రం
సంచిలోకి ఎప్పుడూ రాలేదు. ఉన్నది ఒక్కటే,
అది వాడి జేబులో, వాడి ఊపిరి పక్కనే.

ఇక హురెల్ చేపల డబ్బాలు.
మూడుండాలి. మూడున్న రోజు నాకు గుర్తులేదు.
ఎందుకంటే ఇరవై ఏడో తారీఖని ఒకటుంటుంది,
దానికి సైరను మోగదు.
గ్యాసు నీలంగా ఒకసారి వణికి ఆరిపోతుంది,
బియ్యం డబ్బాలో గరిట అడుగు గీరుతుంది,
అమ్మ సంచికేసి చూసేది, మేం అమ్మకేసి.
డబ్బా తీసిన చోటే ఒక చీటీ పెట్టేది:
జూన్ 27. ఒక డబ్బా. తిరిగి ఇస్తాను. ఎర్మిందా.
కింద సంతకం కూడా.
"ఎవరికమ్మా రాస్తున్నావు?"
"సంచికి. చెప్పి తీసుకుంటే చేబదులు,
చెప్పకపోతే దొంగతనం."

ఆగస్టులో ఒక రాత్రి మంచం గోడని గుద్దింది.
అల్మారాలోంచి పళ్లేలు వాటంతటవే దిగొచ్చాయి.
అమ్మ దేవుణ్ణి పిలవలేదు. "బూట్లు" అంది.
"సంచి" అంది. "నివాల్దో, జేబు తడుముకో" అంది.
అంతే. చీకట్లో మెట్లన్నీ మనుషులే,
ఎవరి చెయ్యి ఎవరు పట్టుకున్నారో పైకెళ్లాక తెలిసింది.

నీళ్ల ట్యాంకు పక్కన గడ్డి మీద కూర్చున్నాం.
దోన్ ఎలెయుతేరియో పైజమాలో వణుకుతున్నాడు,
చంకలో అప్పుల పుస్తకం.
ఇంట్లోంచి ఆయన పట్టుకు పరిగెత్తింది అదొక్కటే.
ఊరందరి పేర్లూ ఉన్నాయి అందులో, రొట్టెముక్క లేదు.

అమ్మ ఉచ్చులు విప్పింది. అగ్గిపుల్ల మొదటి గీతకే వెలిగింది.
ఒక డబ్బా, రెండు చీటీలు.
ఆయన కొవ్వొత్తి దగ్గర పెట్టుకుని రెండూ చదివాడు,
అలవాటు కొద్దీ.
"వడ్డీ ఎంత వేస్తున్నావు ఎర్మిందా?"
"వడ్డీ ఉప్పగా ఉంటుంది. నోరు తెరువు."
ఒక చేపముక్క ఆయనకి, ఒకటి నాకు, ఒకటి తమ్ముడికి.
డబ్బాలో నూనె అమ్మ వేలితో తుడుచుకుంది.

ఆ రాత్రి సముద్రం రేవు మెట్ల దాకా వచ్చి,
ఏదో మర్చిపోయినట్టు ఆగి, వెనక్కి తిరిగింది.

తెల్లారి ఇంటికొచ్చాక
పగిలిన పళ్లేలు ఊడవకముందే
అమ్మ పెన్సిలు వెతికింది.
ఆగస్టు 14. ఆఖరి డబ్బా.
ఈసారి దేనికోసం దాచామో దానికే.
సంతకం చేసి, కాసేపు చూసుకుని,
ఆ చీటీని మిగతా రెంటితో కలపకుండా
విడిగా మడిచి పెట్టింది.