రెండో లోడు

ఎర్రగుంట్లలో నాపరాళ్ళు ఎత్తుకోవల్ల,
కడప దాటి గువ్వలచెరువు ఘాటెక్కి
రాయచోటిలో దించల్ల.
అంతే మా ఆట.
తుపాకుల్లేవు, రాక్షసుల్లేరు.
మలుపులో తొందరపడితే
వెనక తొట్టిలో ఎక్కడో ఒక బండ
పటుక్కుమంటుంది.
ఆ చప్పుడుకు పిల్లోళ్ళు
సొంత పన్ను విరిగినట్టు మూతి పట్టుకునేవాళ్ళు.
ఒక్కటీ పగలకుండా పైకెక్కితే బహుమానం
ఆకులో కోవా ముద్ద,
అంగడి ముసలాయన మాట ఒకటి:
"నిమ్మళంగా పోప్పా."

ఏడు రోడ్ల కాడ, జిరాక్సు అంగడి మీది గదిలో
ముగ్గురం చేసినాం దాన్ని.
ఉన్న ఒక్క ఫ్యాను కంప్యూటరుకు పెట్టి
మేము అట్టముక్కలతో విసురుకున్న ఎండాకాలం అది.

రెండో భాగానికి బెంగళూరు డబ్బొచ్చింది.
ఘాటు ఆరు వరసల రోడ్డయింది.
లారీకి రెక్కలు మొలిచినాయి.
బండ పగిలినా బాధ లేదు,
సబ్బు ప్రకటన ఒకటి చూస్తే అతుక్కుంటుంది.
ముసలాయన్ను తీసేసినాం.
ఆ మలుపులో ఎవరూ ఏమీ కొనడంలేదని
లెక్కల్లో తేలింది.

మూడో రోజుకే తిట్లు మొదలు.
తొంభై రూపాయలు పెట్టినోడొకడు
మా అమ్మను గూడా తిట్టినాడు.
వాడికి నేను బాకీ లేను.
తొంభై వాపసిస్తా,
ఆ మాట వాడు వాపసు తీసుకోమను.

మిగతావాళ్ళ సంగతే తెగలేదు.
"కారం దోసె మాడితే ఇంకోటి పోస్తాడు,
దండం పెడతాడా?" అన్నాడు ఓబులేసు.
"మాడిందని ఆయనకు తెలుసు.
మనం మాడిందానికే నెయ్యి పూసి ఇచ్చినాం,"
అంది రుక్సానా, తలెత్తకుండా.

నాలుగుసార్లు రాసినా ఉత్తరం.
'మీ అంచనాలను అందుకోలేకపోయాం.'
అంచనాలంట!
వాళ్ళేమన్నా ఆకాశం అడిగినారా?
అడిగింది ఒక మలుపు,
మనం పెట్టి మనమే పీకేసిన మలుపు.
చెరిపినా. మళ్ళా అదే రాసినా.

ఆదివారం పొద్దున మెట్లెక్కి వచ్చినాడు
ఎర్రగుంట్ల నుంచి ఇనాయతుల్లా అనే పిల్లోడు.
పదమూడేళ్ళుంటాయి. చెప్పులు బయటే ఇడిసినాడు.
తిట్టలా. కూర్చోమంటే కూర్చోలా.
"అన్నా, మా నాయన హారన్ ఏమాయ?"

అప్పుడు గుర్తొచ్చింది.
మొదటి ఆటకు రుక్సానా
ఖాదర్‌వలీ లారీ ముందు మైకు పట్టుకుని
మధ్యాన్నమంతా నిలబడింది.
మూడు గొంతుల హారన్,
చివరి గొంతు కాస్త బొంగురు.
డబ్బిస్తే తీసుకోలేదాయన.
"నా బండి ఇందరి చేతుల్లో మోగుతాది గదమ్మా, చాల్లే."
రెండో భాగంలో కొన్న శబ్దం పెట్టినాం,
ఏ దేశపు లారీదో.

లారీ పోయినేడు పాతసామానుకు పోయిందంట.
నాయన పాలిష్ మిషన్ కాడ కూలికి పోతాన్నాడంట.
నాకు ఏం చెప్పాల్నో తోచక
ఐదోసారి రాసిన ఉత్తరం చూపించినా.
వేలు పెట్టి, గొణుక్కుంటా, చివరిదాకా చదివినాడు.
"ఇందులో హారన్ లేదు గదన్నా."

రుక్సానా లేచి పాత డబ్బాలో వెతికి
ఆనాటి రికార్డు పెట్టింది,
కోత వెయ్యనిది, మొత్తం.
కిటికీ అద్దం అదిరింది.
కింద రోడ్డు మీద ఒక ఆటో
ఉలిక్కిపడి పక్కకు తప్పుకుంది.
ఆ తర్వాత కాసేపు గాలి,
ఎవరో దగ్గిన చప్పుడు,
ఖాదర్‌వలీ గొంతు:
"ఇంకోసారి కొట్టాల్నా అమ్మా?"

ఉత్తరం సంగతి ఎవరమూ ఎత్తలా.
పిల్లోడు స్పీకరు వైపు వంగి
"కొట్టు నాయనా" అన్నాడు.