షెడ్యూలు ఆస్తి వివరం

ఇరవై ఆరేళ్లుగా బరంపురం రిజిస్ట్రీ ఆఫీసు ఎదట
టార్పాలిన్ కింద కూర్చుని
ఎవరెవరి ఇళ్లో టైపు కొట్టేను.
కొబ్బరిచెట్లెన్నో, నూతిలో వాటా ఎంతో,
దారి ఏ పక్కనించో.
వానొస్తే కాగితానికి కొంగు కప్పి మరీ కొట్టేను.
ఇవాళ మిషను ఎక్కిన కాగితం నాది.
వేళ్లు తప్పుతున్నాయి.

రాసేది ఒడియాలో గనక
గుడ్ల దమయంతి అనే నేను
దొమొయొంతి అయ్యేను.
ప్రతి అక్షరం కడుపులోనూ ఓ గుండ్రటి ఒకారం.
పేరెలా పలికినా వాయిదా మాత్రం తప్పకూడదన్నాడు
బ్యాంకు మేనేజరు.
వయసు చూసేడు. యాభై ఒకటి.
తొమ్మిదేళ్లే ఇవ్వగలనన్నాడు.
నేనడిగినవీ రెండు గదులే కదా అన్నాను.

పెద్దబజారు నడిబొడ్డున జరీ మేడ.
జరీ ఏమీ లేదు.
సున్నం రాలిన చోటల్లా ఇటుకలు
పళ్లికిలిస్తుంటాయి.
ఒకప్పటి పట్టుకొట్టులో ఇప్పుడు
పగిలిన ఫోన్లకి అద్దాలు మారుస్తారు.
టేకు మెట్లు నడుమ అరిగి గుంటలు పడ్డాయి,
ఎక్కిన పాదాలు ఎవరివో గాని
అందరూ మధ్యలోనే అడుగేసేరు.
కైలాస్ సాహు తాత కట్టిన మేడని
మనవళ్లు పదకొండు ముక్కలు చేసేరు.
నాది ఏడోది. మూడొందల ఎనభై అడుగులు,
అందులో నలభై గోడల మందమే.

"అదే డబ్బుకి ఊరవతల
లిఫ్టున్నది వచ్చును కదే అప్పా" అన్నాడు తమ్ముడు.
నిజమే.
అక్కడ తెల్లారగట్ల ఏం వినపడుతుందో చెప్పలేదు వాడు.
ఇక్కడ నాలుగున్నరకే కూరల బళ్లు.
ఒకావిడ తెలుగులో బేరం మొదలెట్టి
ఒడియాలో తిట్టి
మళ్లీ తెలుగులో చిల్లర లెక్కెడుతుంది.

"ఆడమనిషి పేరునైతే సుంకం తక్కువ,
మీ ఆయన తెలివైనవాడే" అన్నాడు
కొత్తగా వచ్చిన గుమాస్తా.
ప్యూను గట్టిగా దగ్గేడు.
నేను రూపాయలు లెక్కపెడుతున్నాను,
మధ్యలో ఆపితే మళ్లీ మొదటికి రావాలి.

తూర్పు: మెట్లు, అందరివీ.
పడమర: నీలమణి బెహరా వంటింటి గోడ.
(ఆవిడ ఆవపోపు ఈ హద్దు దాటుతుంది,
అది రాయడానికి గడి లేదు.)
ఉత్తరం: సందు మీద గాలి.
దక్షిణం: వసారా, కటకటాల్లో రెండు ఊచలు లేవు.
మేడలో ఇల్లు గనక నాలుగుతో సరిపోదు.
కింద: ఫోన్ల కొట్టు కప్పు.
పైన
అక్కడ ఆగింది వేలు.
పైన డాబా ఉంది. అన్నదమ్ముల దావాలో ఉంది.
ఆకాశం, అని కొట్టేసేను.
కాసేపు చూసుకున్నాను.
తెల్లమందు పూసి, ఆరేదాకా ఊది,
వివాదంలో ఉన్న డాబా, అని దిద్దేను.
ఒకరి కాగితంలో రాయని అబద్ధం
నా కాగితంలో ఎందుకు?

లోపలి గదిలో దూలానికి ఇనప కొక్కెం.
పట్టునూలు తూచే తక్కెడ వేలాడేదట.
తలకి తగులుతుంది, కోసేస్తానన్నాడు వడ్రంగి.
ఉండనీమన్నాను.
అద్దెకున్న ఆరిళ్లలో ఒక్క మేకూ కొట్టనిచ్చినవాళ్లు లేరు,
ఇక్కడ ఎవరో నాకోసం
వందేళ్ల ముందే కొట్టి ఉంచేరు.

తాళం తీసిన సాయంత్రం జడివాన.
గొడుగు ఎక్కడ పెట్టాలో తెలీక
దానికే తగిలించేను.
అటూ ఇటూ ఊగి, నెమ్మదిగా
ఒక వైపు మొగ్గి ఆగింది.
దాని కింద నేల మీద కూచుని
కారే నీళ్లు గచ్చు మీద ఎటు పోతాయో చూస్తున్నాను,
పలక పగుల్లోకి పోయేయి.
కాసేపటికి కింది హద్దులోంచి
ఎవరో కుర్రాడు కేకేసేడు:
"మావుసీ, పాణి పొడుచి!"

వస్తున్నానన్నాను,
ఏ భాషలోనో గుర్తులేదు,
తుడిచే గుడ్డ ఇంకా మూటలోనే ఉంది.