రెండు మీటర్ల పది

కైరోలో, బూలాక్ వెనకాల,
దాని పేరు సూది సందు.
నేను టేపు పట్టుకుని వెళ్ళిన రోజు
వెడల్పు రెండు మీటర్ల పది అని రాసుకున్నాను.
పైకి పోయేకొద్దీ ఇంకా తక్కువ.
మేడలు ముందుకు వంగి
ఒకదాని చెవిలో ఒకటి ఏదో చెప్పుకుంటున్నట్టుంటాయి,
కిటికీకీ కిటికీకీ మధ్య ఒక మీటరు నలభై.

ఆ మీటరు నలభై మీదుగా
ఇన్సాఫ్ చెయ్యి చాపితే
ఎదురింటి షౌకియా చెయ్యి అందుతుంది.
నేను చూస్తుండగానే ఒక ఉల్లిపాయ దాటింది,
తర్వాత సగం నిమ్మకాయ,
తర్వాత ఏడుస్తున్న పసివాడు.
ఫారంలో దానికి గడి లేదు.

ఫారంలో ఉన్నవి:
తలసరి చదరపు మీటర్లు, వెలుతురు, గాలి,
ఫైరింజను తిరిగే జాగా.
అన్నిటికీ సున్నాలే పెట్టాను, అబద్ధం కాదు.
అంతకు ముందు చలికాలం మూడో ఇంట్లో సిలిండరు అంటుకుంటే
ఇంజను పెద్దరోడ్డు మీదే ఆగిపోయింది.
నీళ్ళు చేతులు మారుతూ వచ్చాయి
బకెట్లలో, వంటగిన్నెల్లో, ఒకడి టోపీలో.
మంట ఆరింది. తాళాలు బాగుచేసే ముసలాయన మిగల్లేదు.
ఆ సంగతి దాచి
ఈ సందును పొగడలేను.

ఇన్సాఫ్‌ది నాలుగో అంతస్తు, అరిగిన మోకాళ్ళు.
ఆవిడ దిగదు, బుట్ట దిగుతుంది.
ఈతాకుల బుట్ట, పదకొండు మీటర్ల తాడు,
అడుగున చిల్లర, చిల్లర వెనకాలే కేక:
"అయ్యూబ్! ఐదు రొట్టెలు!
నిన్నటివి అంటగట్టావో, చూసుకో!"
అయ్యూబ్ రొట్టెలు వేస్తాడు,
వాటిపైన ఎవరిదో పెళ్ళి కబురొకటి వేస్తాడు,
బుట్ట రెండు బరువులతో పైకి పోతుంది.

ఒకరోజు బుట్ట దిగలేదు.
ఆరున్నరకి అయ్యూబ్ తలెత్తి చూశాడు.
ఏడింటికి షౌకియా గాలిలోంచి చీపురుకర్ర చాపి
కిటికీ తలుపు తట్టింది.
ఏడుంపావుకల్లా ఇన్సాఫ్ జ్వరం
సందంతటికీ వచ్చింది.
సూది మొన మోపే చోటు లేదంటారే,
అక్కడ ఒక మనిషి
చాటుగా పడిపోవడానికి కూడా చోటు లేదు.

ఇప్పుడది కార్లు నిలిపే స్థలం.

కొత్త ఊరు ఎడారిలో.
రోడ్డు వెడల్పు నలభై ఐదు మీటర్లు, అదీ నేనే కొలిచాను.
నడిమధ్య గడ్డి, గడ్డికో పైపు,
పైపు పక్కన, తన నీడలోనే నిలబడాలని చూస్తున్న
ఒక కాపలా కుర్రాడు.
ఫ్లాటుకి గదులు మూడు, గదికో కిటికీ,
కిటికీ నిండా ఆకాశం.
గడులన్నీ చకచకా నిండాయి.
ఆ సాయంత్రం సంతోషంగానే ఇంటికి వెళ్ళాను.

ఆర్నెల్లకి తనిఖీ.
ఇన్సాఫ్ ముందు స్నానాలగది చూపించింది, గర్వంగా:
"చూడు, మోచెయ్యి తగలకుండా తిరగొచ్చు."
బట్టలు గంటలో ఆరుతున్నాయంది.
షౌకియా ఎక్కడంటే
"ఇరవై రెండో బ్లాకు" అంది
వేరే దేశం పేరు చెప్పినట్టు.
"మధ్యలో రెండు రోడ్లు. ఈ కాళ్ళతో దాటేలోపు దీపం మారిపోతుంది.
ఫోనులో మాట్లాడతాంలే.
ఫోనులోంచి ఉల్లిపాయ రాదుగా."

బాల్కనీలో బుట్ట కనిపించింది.
ఇదీ నాలుగో అంతస్తే, తాడు సరిపోతుంది.
రోజూ పొద్దున్నే దించుతుందట.
"కింద ఎవరున్నారని?"
"ఎవరూ లేరు. చేతులు మరిచిపోతాయేమోనని."

మొన్న గురువారం మాత్రం
బుట్ట కాస్త బరువుగా లేచిందట.
తీసి చూస్తే ఖాళీ గాజుగ్లాసు.
వంగి చూస్తే ఆ కాపలా కుర్రాడు,
తలెత్తలేక బూట్లు చూసుకుంటున్నాడు.
టీ కాచి, నిండా పోసి, దించిందట,
ఎడారి గాలికి బుట్ట ఊగి
దారిలోనే సగం ఒలికిపోయిందట.

మిగిలిన సగాన్ని
నేను ఫారం అంచున రాసుకున్నాను.