మడమ

ఒంటికి అతుక్కునే నల్ల అంగీ వేసినారు నాకు.
మోకాళ్ళకీ మోచేతులకీ మడమలకీ
తెల్ల గోళీలు అతికించినారు.
ముప్పై తొమ్మిది, అని లెక్క చెప్పినాడు కంప్యూటరు పిల్లోడు.
తిరుపతి కాలేజీలో చల్లటి గది.
గోడ చుట్టూ ఎర్రకళ్ళ కెమెరాలు.

"మీ ఎత్తూ ఆమె ఎత్తూ ఒకటేనంట గదమ్మా?"
అవును సార్, నాలుగడుగుల పది.
నేనూ చెంగమ్మా
ఒకరి యూనిఫాం ఒకరు తొడుక్కున్నాం నాలుగు సీజన్లు.

గది మధ్యలో ఇనప కడ్డీల బొమ్మ మిషను.
రోలర్లుండే చోట ఎర్ర టేపు.
బంగారుపాళ్యంలో అసలుది ఆ పొద్దు
మూడు టన్నుల బెంగళూరా కాయ మింగి
ఇంకా ఆకలిమీదుండె.
ఇక్కడ పులిసిన టెంకల వాసన లేదు.
నేల జారదు.

"చెయ్యి పెట్టండి, ఆమె పెట్టినట్టు."
పెట్టినా.
"మళ్ళీ."
పదకొండు తూర్లు లోపలికి పోయింది చెంగమ్మ చెయ్యి.
పదకొండు తూర్లూ
నా చెయ్యి నాతోనే వెనక్కొచ్చింది.

కంపెనీ కాగితంలో ఒకే మాట: అజాగ్రత్త.

తెరమీద నేను లేను.
చీకట్లో చుక్కలు వంగతా ఉండాయి, లేస్తా ఉండాయి.
మొగం లేదు, ముక్కుపుడక లేదు.
అయినా ఆ ఎడమ భుజం దించే తీరు చూసి
నా ఒళ్ళు జలదరించింది.

పన్నెండో తూరి, ఎవరూ చెప్పకనే,
కుడిచెయ్యి ఇరుక్కున్నట్టే ఉంచి
ఎడమచెయ్యి పైకి సాచినా, ఆపే బటను పక్కకి.
ఆ పొద్దు మిషను కింద టెంకలు ఊడస్తా
నేను చూసింది ఆమె మడమలొక్కటే.
ఎవరూ నన్ను అడగలా.

పిల్లోడు తెర ఆపినాడు.
ఒక చుక్కమీద వేలు పెట్టినాడు.
"మడమ లేచింది సార్. అయినా అందలేదు.
జానెడు తక్కువ."

ఆ జానెడు నాకు తెలుసు.
బోర్లించిన పచ్చ క్రేటు అది.
దానిమీదెక్కే మేమిద్దరం బటను నొక్కతా ఉంటిమి.
ఆ పొద్దు దామలచెరువు లోడు ఎక్కువొచ్చి
క్రేట్లు చాలక
దాన్నీ పట్టుకపోయినాడు మేస్త్రీ.

చెప్పినా.
రాసుకున్నారు.
లేని క్రేటుకి ఏ గోళీ అతికిస్తారో మరి.

చంద్రగిరి దాటినాక బస్సులో ఫోను మోగింది.
"ఎట్లుండానే నేను, తెరమీద?"
రెండు చేతులతో ఉండావు, అన్నా.

శానాసేపు పలకలా చెంగమ్మ.
తర్వాత మెల్లిగా,
"గాజులుండాయా?"