ఎనుమాముల కాంటా కాడ

మూత తియ్యంగనే తుమ్ములు.
ఫ్యాను రెక్కల మీద
మూడు సీజన్ల మిర్చి ఘాటు.
పాత డిస్కు నెల సంది కిర్రుమంటుందట,
ఎవ్వలూ చెప్పలే.

బయట పదిహేడు లారీలు, అన్నీ తేజ రకమే.
గుమస్తా ఓదేలు నా భుజం మీంచి తొంగి చూస్తడు:
"తెల్లారెటాల్లకు ఐతదా, బిడ్డా?"

కొత్త డిస్కు, ఐదువందల జీబీ బీడు.
హనుమకొండల షాపుల కూసోని
నా లాప్‌టాప్ మీదనే గీతలు గీసుకొచ్చిన.
మా నాయన సర్వేయర్ ఎనుక గొలుసు మోసినోడు,
గుంటకు గుంట లొల్లి చూసినోడు.
నా గెట్ల కాడ లొల్లి లేదు:
సిస్టంకు నూటాయాభై,
తక్కినదంతా తూకం చిట్టీలకు.
మొదట్ల మాత్రం ఓ చిన్న ముక్క
ఎవ్వలకూ కనవడదు.
అది లేకుంటే ఏదీ లేవదు.

బిగిచ్చిన. స్విచ్చేసిన.
నల్లతెర.
కేబుల్ మార్చిన. నల్లతెర.
కేబుల్‌ను తిట్టిన, కరెంటును తిట్టిన.

ఓదేలన్నడు:
"రెండువేల తొమ్మిదిల వచ్చిన డబ్బా ఇది.
ఆధార్ల నా పేరు ఓడెల అని పడ్డది.
గట్ల పిలిస్తే నేను గూడ పలుక."

చేతులాగినయి.
యూఈఎఫ్ఐ అంటే ఏందో
పుట్టంగ ఇనని మిషన్‌ను
రాత్రంత ఆ పేరుతోనే పిలుస్తున్న.

జీపీటీ తుడిచిన. ఎంబీఆర్ రాసిన.
లెగసీల పెన్‌డ్రైవ్ పెట్టి, మళ్ల మొదటి సంది,
చిన్న ముక్కతో సహా.

మూడుంబావుకు లేసింది.
మొదటి లారీ కాంటా ఎక్కింది,
చిట్టీ చింపి డ్రైవర్ జేబుల పెట్టుకున్నడు.
తారీఖు ఎవ్వలూ చూడలే:
ఒకటో జనవరి, రెండువేల తొమ్మిది.

బ్యాటరీ మార్సుడు మర్సిన.