వైతరణికి లగేజీ

పర్లాకిమిడిలో, కొమ్ముబొమ్మలు చెక్కే వీధి చివర
నాది లక్క ఇల్లు.
ఉత్తమాట కాదు. పదమూడు వందల నలభై రెండు పాత రికార్డులు,
అన్నీ లక్కతో పోసినవే.
చుట్ట వెలిగించాలంటే నేను వీధిలోకి పోవాల్సిందే.

మొన్నటి ముసురుకి మంచమెక్కాను.
డాక్టరు పాణిగ్రాహి నాడి పట్టుకుని
అల్మారాల వైపు చూస్తూ "కేతే?" అన్నాడు.
జ్వరమెంత అని కాదు, రికార్డులెన్ని అని.
ఆ చూపు నాకు కొత్త కాదు.
బరంపురంలో ఒకాయన పదకొండో రోజు భోజనానికెళ్లి
పులిహోర విస్తట్లో ఉండగానే
అటక మీది పెట్టె సంగతి కదిపాను.
ఆ పెట్టే ఇప్పుడు నా తలగడ పక్కనున్నది.

రాత్రి లెక్క వేసుకున్నాను.
ఒక్కోటి పావుకిలో అనుకున్నా మూడు క్వింటాళ్ల పైచిలుకు.
చిన్నబండి గార్డుగా ముప్పై ఏళ్లు చేసినవాణ్ణి,
లగేజీ రూల్సు నాకొకరు చెప్పాలా?
వచ్చేది ఇద్దరే భటులట, వాళ్లకి కూలీ ఎవరిస్తారు?
దున్నపోతు మీద వేద్దామా అంటే,
దాని కొమ్ములు చూశారంటే మా వీధివాళ్లు
తెల్లారేసరికి దువ్వెనలు చేసేస్తారు.

వైతరణి దాటడానికి ఆవు తోక పట్టుకోవాలంటాడు పురోహితుడు.
తోక పట్టుకుంటే పెట్టె ఎవరు పట్టుకుంటారు?
అయినా వైతరణి మా ఒడిశాలోనే ఉంది,
జాజ్‌పూర్ పక్కన. వంతెన మీంచి బస్సులు పోతాయి.
కిటికీ సీటు, కాళ్ల దగ్గర పెట్టె,
గోదానం డబ్బులు మిగులు.

"ఏటా గొణుగుడు?" అంది చూడామణి, నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ.
చెప్పాను.
"అక్కడ గంధర్వులే పాడతారట కదా,
ఈ గీకుడు ప్లేట్లు దేనికి?"

గంధర్వులా!
ముల్లు ఇరుక్కుంటే ఒకే పిలుపుని
ముప్పైసార్లు పిలవడం వాళ్లకి చేతనవునా?
నా దగ్గరొక వీణ రికార్డుంది, మధ్యలో ఎవరో దగ్గుతారు.
నేను పుట్టకముందటి దగ్గు.
దగ్గినవాడు పోయాడు, దగ్గు నా దగ్గరుంది.

ఒక్కటే బెంగ.
గుణుపురం సంతలో కొన్న హరికథ, నాలుగు ప్లేట్ల సెట్టు,
మూడే దొరికాయి.
మూడోదాని చివర రాకుమారి దండ ఎత్తుతుంది,
భాగవతారు ఊపిరి పీలుస్తాడు,
అంతే, గరగర.
ముప్పయ్యొకటి ఏళ్లుగా ఆ పిల్ల దండ ఎత్తే ఉంది.
ఎవరి మెడలో వేసిందో తెలీదు.
చెయ్యి లాగెయ్యదా అని
కొన్ని రాత్రులు నా భుజం నొప్పెడుతుంది.

కాబట్టి భటులారా, ఒక ఒప్పందం.
అన్నీ ఇక్కడే ఒగ్గేస్తాను.
సగం డాక్టరుకి, ఎలాగూ పట్టుకుపోతాడు.
మిగతావి చూడామణి ఇష్టం,
ఆవకాయ జాడీలకి మూతలు చేసుకున్నా అడగను.
(రెండు అప్పుడే చేసేసింది. తెలీదనుకుంటోంది.)
మీరు మాత్రం నన్ను నేరుగా
ఆ భాగవతారు ముందు కూచోబెట్టండి.
పీల్చిన ఊపిరి వదలమనండి.

తెల్లారేసరికి జ్వరం దిగింది.
పది గంటలకి రాయగడ నుంచి
పాతసామాన్ల సాహు ఫోను:
"దాదా, హరికథ ప్లేటొకటి తగిలింది.
అంచు చిట్లింది గానీ, నాలుగు అని రాసుంది."

నా చేతిలోంచి ఫోను లాక్కుని
చూడామణే బేరమాడింది. జన్మలో మొదటిసారి,
తగ్గించమనకుండా.
వచ్చిన ప్లేటుని వాయించనివ్వలేదు.
పట్టుచీర మడతల్లో పెట్టి, బీరువా తాళం వేసి,
తాళంచెవి బొడ్డులో దోపుకుంది.

"ఆ పిల్లని ఇంకొన్నాళ్లు అలాగే ఉండనీండి" అంది.
"ఈపాటికి చెయ్యి అలవాటు పడిపోయుంటుంది."